అలారం కంటే ముందు ట్యాంకు సంగతి అడగండి

ప్రశ్న: మాది పైడిభీమవరం దగ్గర పల్లె. మా పొలాల పక్కన మందుల కంపెనీ పెడతారట. ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగబోతోంది. యంత్రాలు, అలారాలు అన్నీ విదేశాలవే కనుక భయం లేదంటున్నారు. సభలో మేము ఏమి అడగాలి?
– ఒక రైతు, రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: గ్యాస్ అలారం మోగిందంటే గ్యాస్ అప్పటికే బయటపడిందని అర్థం. కాబట్టి ప్రమాదకరమైన రసాయనం ఒక్కొక్కటి ఎన్ని టన్నులు నిల్వ ఉంచుతారు, అంత ఎందుకు అని ముందు అడగండి. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్ పురుగుమందుల కర్మాగారం ట్యాంకులో దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ అనే విష రసాయనం ఉంది. అది అమ్మే సరుకు కాదు, పురుగుమందు తయారీలో మధ్యలో పుట్టే పదార్థం. అవసరమైనంత మాత్రమే చేసుకుని వెంటనే వాడుకునే పద్ధతి పెట్టి ఉంటే అంత నిల్వ ఉండేదే కాదు. ట్యాంకులోకి నీరు చేరి ఆ రసాయనం వేడెక్కిపోయిన ఆ రాత్రికి, దాన్ని చల్లబరిచే యంత్రాన్ని ఆపి నెలలు గడిచాయి. లీకైన గ్యాస్‌ను కాల్చివేయవలసిన ఫ్లేర్ టవర్ గొట్టాన్ని మరమ్మతు కోసం విప్పి ఉంచారు. లేనిది లీకు కాదని బ్రిటిష్ ఇంజనీరు ట్రెవర్ క్లెట్జ్ అంతకు ముందు నుంచే చెబుతూ వచ్చారు.

విదేశీ యంత్రం మంచిదే కావచ్చు. అయితే కరెంటు ఎప్పుడూ ఉంటుందని, విడిభాగం అడగగానే దొరుకుతుందని నమ్మి గీసిన డిజైను మన జిల్లాకు సరిపోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మీకు తెలుసు. చల్లగా ఉంచితేనే నిలకడగా ఉండే రసాయనం అన్ని రోజులు ఎలా ఉంటుంది? 2020 మే 7న విశాఖలో 12 మందిని బలిగొన్న స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కూడా లాక్‌డౌన్‌లో ట్యాంకులో నిల్వ ఉండిపోయి, తనలో తాను వేడెక్కినదే. అందుకే కరెంటు పోతే తనంతట తానే మూసుకునే వాల్వు, పంపు అక్కరలేకుండా పైనుంచి నీరు దిగే ట్యాంకు ఉన్నాయా అని కూడా అడగండి.

నిల్వ తగ్గిస్తామని చెప్పి రోజూ ట్యాంకరు లారీలు రప్పిస్తే మాత్రం ప్రమాదం జాతీయ రహదారి మీదికి మారుతుందే తప్ప తగ్గదు. ఆ లెక్క కూడా చెప్పమనండి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సభ చివర కార్యక్రమ వివరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. మీ ప్రశ్నలు, వారి జవాబులు టన్నుల లెక్కతో సహా అందులో చేరాయో లేదో విన్న తరువాతే లేవండి.