లాభాల్లో ఉన్న ఇండెక్స్ ఫండ్‌ను ఎందుకు మూసేస్తారు?

ప్రశ్న: కొన్నేళ్లుగా ఒక ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా సిప్ కడుతున్నాను. దానిని తమ మరో ఇండెక్స్ ఫండ్‌లో విలీనం చేస్తున్నామనీ, ఇష్టం లేనివారు 30 రోజుల్లోగా డబ్బు తీసుకోవచ్చనీ ఆ సంస్థ ఈమెయిల్ పంపింది. ఫండ్ నష్టాల్లో లేదు, సూచీ కూడా బాగానే పెరిగింది. మరి ఎందుకు మూసేస్తున్నారు? నేను బయటికి రావాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇండెక్స్ ఫండ్ అంటే నిఫ్టీ వంటి ఒక సూచీలో ఉన్న షేర్లనే, అదే వాటాల్లో కొనే మ్యూచువల్ ఫండ్. ఫండ్ లాభనష్టాలు వేరు, ఆ ఫండ్‌ను నడిపే సంస్థ లాభనష్టాలు వేరు. మీ యూనిట్ల విలువ సూచీని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. సంస్థ ఆదాయం మాత్రం ఆ ఫండ్‌లో మొత్తం ఎంత సొమ్ము చేరిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఏటా 0.2 శాతం ఖర్చుల కింద వసూలు చేసే ఇండెక్స్ ఫండ్‌లో 10,000 కోట్ల రూపాయలు ఉంటే సంవత్సరానికి 20 కోట్లు వస్తాయి. అదే ఫండ్‌లో 20 కోట్లే ఉంటే వచ్చేది 4 లక్షలు. సూచీ యజమానికి లైసెన్సు రుసుము, ఆడిటర్, మదుపరుల ఖాతాలు చూసే రిజిస్ట్రార్, షేర్లను భద్రపరిచే కస్టోడియన్ ఖర్చులు, రోజూ ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) లెక్కగట్టి ప్రకటించే పని అన్నీ ఈ 4 లక్షల్లోనే జరగాలంటే సాధ్యం కాదు. పోనీ ఖర్చుల శాతం పెంచుదామన్నా కుదరదు. మేనేజర్ ప్రతిభ చూపించి ఎక్కువ రుసుము అడిగే వీలు మామూలు ఈక్విటీ ఫండ్‌కు ఉంటుంది; నిఫ్టీ 50లో ఉన్న ఆ 50 కంపెనీల షేర్లే కొనే ఫండ్లు ఏ సంస్థ నడిపినా ఒకేలా ఉంటాయి కాబట్టి, పక్క సంస్థ తక్కువకు ఇస్తున్నప్పుడు ఎక్కువ చెల్లించేవారు ఉండరు.

ఫండ్ చిన్నదైతే సూచీని అచ్చంగా అనుసరించడం కూడా కష్టమే, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. 500 కంపెనీల సూచీని అనుసరించే ఫండ్‌లో 5 కోట్లు మాత్రమే ఉన్నాయనుకోండి. సూచీలో 0.1 శాతం వాటా ఉన్న కంపెనీకి కేటాయించవలసింది 50,000 రూపాయలు. ఎమ్మార్‌ఎఫ్ షేరు 2023 జూన్‌లో మొదటిసారి లక్ష రూపాయలు దాటింది. అలాంటి షేరును ఒక్కటి కూడా కొనే స్థితిలో ఈ ఫండ్ ఉండదు. సగం షేరు కొనే వీలు లేదు గనుక వదిలేయాలి, లేదా వాటాకు మించి కొనాలి. ఇలాంటి చిన్న చిన్న తేడాలన్నీ కలిసి, ఫండ్ రాబడికీ సూచీ రాబడికీ మధ్య దూరం పెంచుతాయి. సూచీతో సమానంగా నడవడమే ఏకైక వాగ్దానమైన ఫండ్‌కు అది మామూలు లోపం కాదు.

మరో కారణం సంస్థలు చేతులు మారడం. ఒకే సూచీకి ఒక సంస్థ రెండు ఇండెక్స్ ఫండ్లు నడపడానికి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2017 అక్టోబరులో తెచ్చిన వర్గీకరణ ఒప్పుకోదు. ఎల్‌ఐసీ మ్యూచువల్ ఫండ్ 2023లో ఐడీబీఐ మ్యూచువల్ ఫండ్ పథకాలను తీసుకున్నప్పుడు, నిఫ్టీ 50 ఫండ్ రెండు చోట్లా ఉన్నందువల్ల ఐడీబీఐ ఫండ్ ఎల్‌ఐసీ ఫండ్‌లో కలిసిపోయింది. నిఫ్టీ నెక్స్ట్ 50 ఫండ్ ఐడీబీఐకి మాత్రమే ఉండడంతో అది పేరు మార్చుకుని కొనసాగింది. చేతులు మారినంత మాత్రాన ఫండ్ మూతపడాలని లేదు. 2001 చివర బెంచ్‌మార్క్ సంస్థ మొదలుపెట్టిన నిఫ్టీ బీస్ ఆ తర్వాత గోల్డ్‌మన్ శాక్స్, రిలయన్స్, నిప్పన్ ఇండియాల చేతుల్లోకి వెళ్లింది. ఈటీఎఫ్‌గా (షేరులా ఎక్స్ఛేంజీలో కొని అమ్మే ఫండ్‌గా) అది నేటికీ నడుస్తూనే ఉంది. పెద్ద ఫండ్‌ను ఎవరూ వదులుకోరు. బాండ్లతో నడిచే టార్గెట్ మెచ్యూరిటీ ఇండెక్స్ ఫండ్లు గడువు తీరగానే ముగుస్తాయి గానీ, అది మొదటి రోజు నుంచీ తెలిసిన విషయమే.

ఇక బయటికి రావాలా అన్న ప్రశ్న. విలీనం జరిగితే మీ యూనిట్ల సంఖ్య మారుతుంది, విలువ మారదు. మీ దగ్గర 12 రూపాయల ఎన్‌ఏవీతో 10,000 యూనిట్లు ఉండి, కొత్త ఫండ్ ఎన్‌ఏవీ 24 రూపాయలైతే, మీకు 5,000 యూనిట్లు వస్తాయి. రెండు లెక్కలూ 1,20,000 రూపాయలే. ఈక్విటీ ఫండ్ మరో ఈక్విటీ ఫండ్‌లో విలీనమైతే ఆదాయపు పన్ను చట్టం దానిని అమ్మకంగా చూడదు. మీరు మొదట కొన్న ధర, కొన్న తేదీ కొత్త యూనిట్లకూ వర్తిస్తాయి. ఆ 30 రోజుల్లో మీరే డబ్బు తీసుకుంటే ఎగ్జిట్ లోడ్ (బయటికి వచ్చేటప్పుడు ఫండ్ విధించే రుసుము) ఉండదు కానీ, పన్ను దృష్టిలో అది అమ్మకమే. ఏడాది దాటిన యూనిట్ల మీద, మీ మొత్తం దీర్ఘకాలిక ఈక్విటీ లాభంలో ఏటా 1.25 లక్షల రూపాయలు మించిన భాగానికి 12.5 శాతం, ఏడాది లోపు యూనిట్ల లాభానికి 20 శాతం పన్ను పడుతుంది. సిప్‌లో ప్రతి నెల కొనుగోలుకూ ఏడాది లెక్క విడివిడిగా చూస్తారు గనుక, గడిచిన 12 నెలల వాయిదాలు 20 శాతం కిందికే వస్తాయి.

కాబట్టి కొత్త ఫండ్ అదే సూచీని అనుసరిస్తూ, ఖర్చుల శాతం సమానంగానో తక్కువగానో ఉంటే, కదలకుండా ఉండడమే మేలని నా అభిప్రాయం. మీరు విస్తృతమైన సూచీ కావాలని ఎంచుకుంటే, విలీనం తర్వాత ఒకే రంగానికో, చిన్న కంపెనీలకో పరిమితమైన సూచీలోకి తీసుకెళుతుంటే మాత్రం పన్ను కట్టి అయినా బయటికి రావచ్చు. సిప్ కొత్త ఫండ్‌కు దానంతట అదే మారుతుందా, మళ్లీ నమోదు చేసుకోవాలా అన్నది ఆ ఈమెయిల్‌లోనే ఉంటుంది, చూడండి.

ప్రశ్న: ఫండ్ మూసేశారంటే 2020లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఫండ్లలో జరిగినట్టు సొమ్ము ఇరుక్కుపోదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ సంస్థ 2020 ఏప్రిల్ 23న ఆపేసినవి ఆరు డెట్ ఫండ్లు, అంటే షేర్లలో కాక బాండ్లలో మదుపు చేసేవి. వాటిలో తక్కువ రేటింగ్ ఉన్న బాండ్లు ఎక్కువ. కరోనా రోజుల్లో వాటిని కొనేవారు లేక చిక్కు వచ్చింది. సుప్రీంకోర్టు ఆ బాండ్లను అమ్మి డబ్బు పంచే బాధ్యతను ఎస్‌బీఐ ఫండ్స్ మేనేజ్‌మెంట్‌కు అప్పగించిన తర్వాత, అమ్మకాల సొమ్మును మదుపరులకు విడతలవారీగా చెల్లించారు. నిఫ్టీ వంటి సూచీల్లోని షేర్లు రోజూ ఎక్స్ఛేంజీలో చేతులు మారుతుంటాయి, వాటిని అమ్మి డబ్బు పంచడం కష్టం కాదు. పైగా ఆ షేర్లు సంస్థ సొంత ఆస్తి కావు. మదుపరుల తరఫున ఉండే ట్రస్టు పేరుతో, కస్టోడియన్ దగ్గర ఉంటాయి. ట్రస్టీలు తమంతట తాము ఫండ్‌ను రద్దు చేయాలనుకున్నా, ఓటింగులో పాల్గొన్న యూనిట్‌దారుల్లో మెజారిటీ ఒప్పుకోవాలని సుప్రీంకోర్టు 2021లో ఆ ఫ్రాంక్లిన్ కేసులోనే తేల్చింది.

రద్దు నోటీసును దేశవ్యాప్త పత్రికల్లోనూ, మ్యూచువల్ ఫండ్ ఏర్పడిన చోటి ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటించాలని నిబంధన ఉంది. మన ఫండ్ సంస్థల్లో ఎక్కువ భాగం ముంబైవి కావడంతో ఆ ప్రాంతీయ భాష సాధారణంగా మరాఠీ అవుతుంది. తెలుగు పత్రికలో కనిపిస్తుందని ఎదురుచూస్తే లాభం లేదు. మీ ఫోలియోలో (ఫండ్ ఖాతాలో) ఇప్పుడు వాడుతున్న ఈమెయిల్, ఫోన్ నంబరే ఉన్నాయో లేదో చూసుకోండి. ఓటింగుకు పిలుపు కూడా వాటికే వస్తుంది.