హోంవర్క్‌లో అన్నీ రైటే, జామెట్రీ టెస్టులో మాత్రం సగం మార్కులు: ట్యూషన్ పెట్టించాలా?

మీరు అడిగింది ఇదీ: అమ్మాయి చెన్నైలో సీబీఎస్ఈ పదో తరగతి చదువుతోంది. జామెట్రీ హోంవర్క్ తప్పుల్లేకుండా చేస్తుంది, యూనిట్ టెస్టులో మాత్రం 40కి 19 వచ్చాయి. ఇప్పుడు స్కూల్ వాళ్ళు శనివారం ఊళ్ళోనే ఉన్న సెయింట్ థామస్ మౌంట్ కొండకి మ్యాథ్స్ ట్రిప్ అంటున్నారు. ఆ పూట ట్యూషన్‌కి పంపితే మేలు కదా అని మీ అనుమానం.

ట్రిప్‌కే పంపండి. ఎందుకో చెప్పాలంటే ముందు మావాడి టెస్ట్ పేపర్ గురించి చెప్పాలి.

మాది నెల్లూరు. చెన్నైలో నంగనల్లూరు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. సాయంత్రాలు ఇంట్లో ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పిల్లలకి లెక్కలు చెబుతాను. దీపం కిందే చీకటి అన్నట్టు, మావాడికి ఎక్కడ ఇబ్బందో కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది. హోంవర్క్ నోట్సు చూస్తే ముచ్చటేసేది. టెస్ట్ పేపర్ చూస్తే టెన్షన్. అజాగ్రత్త అనుకుని తిట్టేదాన్ని.

ఒకరోజు రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. టెస్టులో ప్రశ్న ఇది: 'పి అనే బిందువు నుంచి, ఓ కేంద్రంగా ఉన్న వృత్తానికి పీఏ, పీబీ అనే రెండు టాంజెంట్లు గీశారు. ఏపీబీ కోణం 80 డిగ్రీలైతే పీఓఏ కోణం ఎంత?' (టాంజెంట్ అంటే వృత్తాన్ని బయటినుంచి ఒక్కచోటే తాకే గీత. ఏ, బీ అవి తాకే చోట్లు.) ఇదే రకం లెక్క వారం ముందు హోంవర్క్‌లో చక్కగా చేశాడు. తేడా ఒక్కటే. వర్క్‌షీట్‌లో బొమ్మ అచ్చేసి ఇచ్చారు, టెస్టులో ఇవ్వలేదు. వాడు గీసుకున్న బొమ్మలో పి వెళ్ళి వృత్తం మీదే కూర్చుంది! అక్కణ్ణుంచి రెండు గీతలు వృత్తం లోపలికి పోయాయి. అవి టాంజెంట్లు ఎలా అవుతాయి, వృత్తం మీది రెండు బిందువుల్ని కలిపే కార్డ్‌లు కదా? పి బయట ఉంటే పని సులువు: ఓపీ ఆ 80ని రెండు 40లు చేస్తుంది, ఏ దగ్గర 90 ఉంటుంది, మిగిలింది 50. వాడు గీసిన బొమ్మ మీద ఎంత తలకొట్టుకున్నా 50 రాదు.

అంటే సగం లెక్క రోజూ ఆ వర్క్‌షీట్ తయారుచేసినవాళ్ళే చేసి పెడుతున్నారన్నమాట. మావాడు మిగతా సగం చేసి రైటు కొట్టించుకుంటున్నాడు.

ఆ తర్వాత నా దగ్గరికొచ్చే పిల్లల బొమ్మలు కూడా గమనించడం మొదలుపెట్టాను. త్రిభుజం గీయమంటే చాలామంది ఇంటి పైకప్పులా గీస్తారు, రెండు వైపులా సమానంగా. ప్రశ్నలో ఆ మాట ఎక్కడా ఉండదు. కాసేపటికి 'ఇవి రెండూ ఈక్వలే కదా ఆంటీ' అని ప్రూఫ్ మొదలెడతారు. కంటికి సమానంగా కనబడింది గనక.

మావాడికి చేసింది పెద్ద వైద్యమేమీ కాదు. నేను దోసెలు పోస్తూ ప్రశ్న చదివేదాన్ని, వాడు టేబుల్ దగ్గర కూర్చుని బొమ్మ గీసేవాడు. జవాబు అక్కర్లేదు, బొమ్మ చాలు. ప్రశ్నలో ఇచ్చినవే దాని మీద గుర్తు పెట్టాలి, ఇంకేమీ పెట్టకూడదు. రోజుకి ఐదు. మొదటి వారం వాడికి విసుగు, నాకు మాడిన దోసెలు. రెండు నెలలకి 40కి 31 దాకా వచ్చాడు. మిగతావి ప్రూఫ్‌లో కారణాలు రాయక పోగొట్టుకున్నవి, అది వేరే జబ్బు. బోర్డు పరీక్షలో 80కి జామెట్రీ 15, ట్రిగొనామెట్రీ 12. రెండింటికీ బొమ్మే ఆధారం కాబట్టి ఈ కాస్త శ్రమ దండగ కాదు.

ఇక ట్రిప్ సంగతి. పోయినేడు మావాళ్ళనీ అదే కొండకి తీసుకెళ్ళారు. మా వైపు దాన్ని పరంగిమలై అంటాం. పేరెంట్స్ ఎవరైనా తోడు రావచ్చంటే నేనూ వెళ్ళాను. లెక్కలకీ ఆ కొండకీ నిజంగానే చుట్టరికం ఉంది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలిచే సర్వేకి ఇక్కడే మొదటి గీత వేయించాడు. ఆ గీత ఈ కొండ దగ్గర్నుంచి పెరుంబాక్కం కొండ దాకా, దాదాపు 12 కిలోమీటర్లు. ఎండకి ఇనుము సాగుతుంది కాబట్టి కొలత గొలుసుకి నీడ పట్టుకుంటూ మరీ కొలిచారు. ఒక్క భుజం అంత జాగ్రత్తగా కొలిస్తే, అక్కణ్ణుంచి కోణాలు చూసుకుంటూ మిగతావి లెక్కగట్టుకోవచ్చు. కొండ మీద లాంబ్టన్ విగ్రహం ఉంది, చూపించమనండి.

మావాళ్ళకి ఇచ్చిన పని కొండ ఎత్తు కొలవడం. ప్రొట్రాక్టర్ (నెల్లూరులో మేం కోణమానిని అనేవాళ్ళం, ఇక్కడి పిల్లలకి ఆ మాటే తెలియదు), జ్యూస్ స్ట్రా, దారానికి వేలాడే నట్టు, ఇవే పరికరాలు. ప్రొట్రాక్టర్ తిన్నని అంచుకి స్ట్రా అంటించి, ఆ అంచు మధ్య నుంచి దారం వేలాడదీసి, స్ట్రాలోంచి కొండ కొన చూస్తే దారం ఏదో ఒక అంకె మీద నిలుస్తుంది. దాన్ని 90లోంచి తీసేయాలి. సగం మంది తీసేయడం మర్చిపోయి 75 అని రాసుకున్నారు. 75 డిగ్రీలంటే తల దాదాపు ఆకాశానికి ఎత్తాలి కదరా అంటే నవ్వులు.

అప్పుడు ఒక పిల్ల అడిగింది, "సార్, కొండ ఎంత దూరంలో ఉందో టేప్‌తో ఎలా కొలవాలి? దాని అడుగు ఎక్కడుంది?" సార్ జవాబు చెప్పలేదు, బొమ్మ గీయమన్నారు. జెండా కర్ర అయితే మొదలు దాకా టేప్ పట్టొచ్చు. కొండ కొన నుంచి నిలువుగా దింపిన గీత మట్టి లోపల ఎక్కడో ఆగుతుంది, అక్కడిదాకా ఎవరు పోగలరు? రోడ్డు పక్కన కూర్చుని పది నిమిషాలు గీకి, చెరిపి, చివరికి వాళ్ళే తేల్చారు: రెండు చోట్ల నిలబడి రెండు కోణాలు చూడాలి, ఆ రెండు చోట్ల మధ్య దూరం కొలవాలి. పుస్తకంలో ఆ లెక్క ఉంది, మావాడు అంతకు ముందే చేసేశాడు కూడా. అది ఎందుకు పుట్టిందో మాత్రం ఆ రోడ్డు మీదే తెలిసింది వాడికి.

ఒకే వరసలో 100 మీటర్ల ఎడంగా రెండు చోట్ల నిలబడ్డారు. దగ్గరి కోణం అందరికీ 22. దూరపుది ఒక గుంపుకి 15, ఇంకో గుంపుకి 16. మొదటివాళ్ళకి ఎత్తు 80 మీటర్లు వచ్చింది, రెండోవాళ్ళకి 99. ఒక్క డిగ్రీకి పందొమ్మిది మీటర్లా అని బస్సు ఎక్కేదాకా కొట్టుకుంటూనే ఉన్నారు. సముద్రమట్టం నుంచి ఆ కొండ ఎత్తు సుమారు 300 అడుగులు, అంటే తొంభై మీటర్ల చిల్లర. పిల్లలు నిలబడిన నేల కూడా సముద్రమట్టానికి పైనే ఉంటుంది కాబట్టి 15 చదివినవాళ్ళే దగ్గరగా వచ్చారు.

పంపే ముందు సార్‌ని ఒక్క మాట అడగండి, టేపులు తీసుకెళ్తున్నారా అని. ఇంకో ఏడాది మ్యాథ్స్ ట్రిప్ పేరుతో పిల్లల్ని ఆటల పార్కులో దింపి గ్రూప్ ఫోటోతో తిరిగి తీసుకొచ్చారు. అలాంటిదైతే మాత్రం ట్యూషన్‌కే పంపుకోండి. ట్రిప్ నిజమైనదే అయితే టోపీ, రెండు సీసాల నీళ్ళు ఇవ్వండి, మెట్లు నూట ముప్పై పైనే. ప్రొట్రాక్టర్ కొనేటప్పుడు కింది గీత మధ్యలో కన్నం ఉందో లేదో చూసుకోండి. కొన్నిటికి ఉండదు, దారం కట్టడానికి మేం పిన్నీసు కాల్చి పొడవాల్సి వచ్చింది.