కాలేజీ ఇస్తామన్న డబ్బును నమ్మి అప్పు చేయొద్దు

ప్రశ్న: కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సైకాలజీ లెక్చరర్‌ని. వయసు 34. జీతం 42 వేలు. మా వారు మెడికల్ రిప్రజెంటేటివ్, 30 వేలు వస్తాయి. పాప రెండో తరగతి. అద్దె, స్కూలు ఫీజు, బండి ఈఎంఐ అన్నీ కలిపి నెలకు 48 వేలు ఖర్చు. బ్యాంకులో 70 వేలున్నాయి. మా వారి కంపెనీ ఇచ్చిన 3 లక్షల హెల్త్ పాలసీ ఉంది. 2026 జులైలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో జరిగే అప్లైడ్ సైకాలజీ అంతర్జాతీయ కాంగ్రెస్‌కు నా పరిశోధన పోస్టర్ ఎంపికైంది. విమానం, బస, రిజిస్ట్రేషన్, వీసా కలిపి 2.3 లక్షలవుతుంది. 30 వేలు చేతి నుంచి పెట్టి, 2 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నా. వడ్డీ 16 శాతం, గడువు మూడేళ్లు. కాలేజీ వాళ్లు 'వచ్చాక కొంత ఇప్పిస్తాం' అంటున్నారు. ఈలోగా ఒక జాతీయ సదస్సుకు ముగ్గురు విద్యార్థుల రిజిస్ట్రేషన్, రైలు టికెట్లు, బస కలిపి 24 వేలు నా క్రెడిట్ కార్డు మీద కట్టమన్నారు. బిల్లు పెడితే తిరిగిస్తారట. ఏం చేయమంటారు?

జవాబు: పోస్టర్ ఎంపిక మీ కష్టానికి దక్కిన గుర్తింపు, అభినందనలు. కానీ ఈ అప్పు మాత్రం వద్దు. విద్యార్థుల కోసం కార్డూ గీకొద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది కూడా ఇందుకే. 'తర్వాత ఇప్పిస్తాం' అన్న మాటను చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేసుకుని ఖర్చుకు దిగే అధ్యాపకులు చాలామంది ఉన్నారు. సంస్థ సంతకంతో, మొత్తం ఎంతో రాసి, ఏ తేదీలోగా ఇస్తారో చెప్పే ఉత్తర్వు ఉంటేనే అది రావాల్సిన డబ్బు. లేనంతవరకు ఆ ఖర్చు పూర్తిగా మీదే.

ముందు అప్పు లెక్క చూడండి. 2 లక్షలకు 16 శాతం చొప్పున మూడేళ్లంటే ఈఎంఐ 7,031 రూపాయలు. వడ్డీయే 53 వేలు దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతమైతే జీఎస్టీతో కలిపి మరో 4,720. దాదాపు వారం రోజుల ప్రయాణానికి 36 నెలల కిస్తీ! పాప ఐదో తరగతికి వచ్చినా మీరు ఫ్లోరెన్స్ బాకీ కడుతూనే ఉంటారు.

నన్ను ఇంతకంటే ఎక్కువగా ఆందోళన పెట్టేది మీ అత్యవసర నిధి. చేతి నుంచి పెట్టే 30 వేలు, ప్రాసెసింగ్ ఫీజు పోగా బ్యాంకులో మిగిలేది 35 వేలు. మీ జీతం ఆగిందనుకోండి. మీ వారి 30 వేలతో, కొత్త ఈఎంఐ కలిపి 55 వేల ఖర్చు నెట్టుకురావాలి. నెలకు 25 వేల లోటు. ఆ 35 వేలు నెలన్నర కూడా నిలవవు. అప్పు చేయకుండా 70 వేలు అలాగే ఉంచితే లోటు 18 వేలే, దాదాపు నాలుగు నెలలు గడుస్తుంది.

జీతం ఎందుకు ఆగుతుందంటారా? ప్రైవేటు డిగ్రీ కాలేజీల రాబడిలో పెద్ద వాటా ఫీజు రీయింబర్స్‌మెంట్‌ది. అది ఆగితే ఆ దెబ్బ జీతాల మీద పడుతుంది. బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు 2025 నవంబరులో బంద్‌కే దిగాయి. పైగా మీరు ప్రయాణం పెట్టుకున్న నెల చూడండి. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్) అడ్మిషన్లు సాధారణంగా మే నుంచి జులై దాకా విడతలుగా సాగుతాయి. సైకాలజీ ఉన్న కాంబినేషన్‌లో సీట్లు నిండకపోతే ఆ సెక్షన్ ఉంటుందో ఎత్తేస్తారో తేలేది అప్పుడే. ఉద్యోగానికి ఏడాదిలో అన్నిటికంటే అనుమానంగా ఉండే నెలలో కొత్త ఈఎంఐ మొదలుపెట్టి, సెలవు అడిగి, బహుశా ఆ రోజుల జీతమూ కోత పెట్టించుకుని వెళ్లడం సరికాదు. మీలాంటి ఉద్యోగాల్లో మూడు నెలల నిధి చాలదు. ఆరు నెలల ఖర్చు, అంటే 2 లక్షల 88 వేలు ఉండాలి.

వీసా సంగతి కూడా ఆలోచించండి. ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు. సర్వీసు సెంటర్ చార్జీ దీనికి అదనం. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎప్పుడూ లేని 2 లక్షలు ఒక్కసారిగా కనిపిస్తే అదే ఒక ప్రశ్న అవుతుంది. తక్కువ ధరకు కొన్న విమానం టికెట్లు చాలావరకు రిఫండ్ కావు. రిజిస్ట్రేషన్ రద్దుకూ గడువు ఉంటుంది, అది దాటితే సొమ్ము పోయినట్లే. ఇలా ప్రయాణమే జరగకపోయినా అప్పు మాత్రం మూడేళ్లు మిగులుతుంది. యూరోల్లో కార్డు గీకితే చాలా బ్యాంకులు 3.5 శాతం మార్కప్, దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. లక్షకు 4,130 అదనం. మీ 2.3 లక్షల్లో ఇవన్నీ ఉన్నాయా?

విద్యార్థుల 24 వేల సంగతి. గడువులోగా బిల్లు పూర్తిగా కట్టకపోతే నెలకు దాదాపు 3.5 శాతం వడ్డీ పడుతుంది, కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు పోతుంది. కాలేజీ ఐదు నెలలు ఆలస్యం చేస్తే వడ్డీ, జీఎస్టీ కలిపి దాదాపు 5 వేలు మీ జేబులోంచి పోతాయి. ఆ 5 వేలకు ఏ బిల్లు పెడతారు? రిజిస్ట్రేషన్ సొమ్మును కాలేజీ ఖాతా నుంచి నేరుగా నిర్వాహకులకు పంపమనండి. రైలు టికెట్లకు అడ్వాన్సు అడగండి. అదీ కుదరదంటే పిల్లలు ఎవరి ఖర్చు వాళ్లు కట్టుకోవాలి. విద్యార్థులకు రిజిస్ట్రేషన్ తక్కువే ఉంటుంది, బోనఫైడ్ జతచేయడం మరిచిపోవద్దనండి.

ఇప్పుడు చేయాల్సింది. నెలకు మీకు మిగిలేది 24 వేలు. అందులో 16 వేలు అత్యవసర నిధికి, వేరే ఖాతాలో, జీతం పడిన మర్నాడే వెళ్లిపోయేలా ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. 14 నెలల్లో నిండుతుంది. 2 వేలు హెల్త్ పాలసీ ప్రీమియం కోసం పక్కన పెట్టండి. కంపెనీ ఇచ్చిన 3 లక్షల కవరేజీ మీ వారు ఉద్యోగం మారిన రోజున పోతుంది. సొంతంగా, ఇంటిల్లిపాదికీ కలిపి వర్తించే 10 లక్షల ఫ్లోటర్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఇద్దరికీ టర్మ్ పాలసీ లేకపోతే అదీ ఈ ఏడాదే.

మరో 3 వేలు మీ వృత్తి కోసం. ఏడాదికి 36 వేలు తక్కువేమీ కాదు. నేషనల్ అకాడమీ ఆఫ్ సైకాలజీ ఏటా జరిపే సదస్సుకు రైల్లో వెళ్లి, యూనివర్సిటీ గెస్ట్‌హౌస్‌లో ఉండి పేపర్ చదివి రావచ్చు. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ వేదికలో ఐఐటీల సైకాలజీ కోర్సులు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే వెయ్యి రూపాయలు. అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే మాలవీయ మిషన్ కేంద్రాలు ఉస్మానియాలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్నాయి. నూతన విద్యా విధానం మీద వాళ్ల ఆన్‌లైన్ శిక్షణకు ఫీజు లేదు. 'సీఆర్ఈ పాయింట్లు ఇస్తాం' అన్న ప్రకటన చూసి ఫీజు కట్టకండి. అవి రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన నిపుణుల రెన్యువల్‌కు పనికొస్తాయి తప్ప, ఆ నమోదు లేని లెక్చరర్‌కు కాదు. పేపర్ పంపిన రెండు రోజుల్లో 'యాక్సెప్టెడ్' అనేసి, ఒకే హోటల్లో ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, సైకాలజీ అన్నీ కలిపి జరిపే 'ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్'ల జోలికీ వెళ్లొద్దు. అక్కడ కొనేది సర్టిఫికెట్ కాగితమే.

పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. జీతం మీద బతికేవారు సదస్సు ఖర్చును ఆదాయంలోంచి తీసేసుకోలేరు. విద్యా రుణం వడ్డీ మీద మినహాయింపు కూడా ఉన్నత విద్య కోసం తీసుకున్న రుణానికే. బంగారం తాకట్టు పెట్టడం, చీటీ తొందరపడి పాడుకోవడం కూడా అప్పు కిందికే వస్తాయి, రెండూ వద్దు.

విదేశీ సదస్సు మానేయమనడం లేదు. నాలుగేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ సైకాలజీ కాంగ్రెస్ 2028లో మెల్‌బోర్న్‌లో ఉంది. 2027 వేసవికల్లా అత్యవసర నిధి నిండితే, అప్పటి నుంచి అదే 16 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాదికి 1.92 లక్షలు, వడ్డీ అదనం. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) ప్రయాణ గ్రాంటుకు, కాంగ్రెస్‌లకు అనుబంధంగా యువ పరిశోధకుల కోసం జరిగే 'ఆర్ట్స్' (అడ్వాన్స్‌డ్ రిసెర్చ్ ట్రైనింగ్ సెమినార్స్) శిక్షణ సెమినార్లకు ముందే దరఖాస్తు పెట్టండి. మంజూరు లేఖ చేతికొచ్చాకే ఆ డబ్బును లెక్కలో వేసుకోవాలి.

ఫ్లోరెన్స్ నిర్వాహకులకు ఈ వారమే మెయిల్ రాయండి. ఫీజు మాఫీ గానీ ప్రయాణ సాయం గానీ ఉందా అని అడగండి. లేదంటే రిజిస్ట్రేషన్ గడువుకు ముందే పోస్టర్ ఉపసంహరించుకుంటున్నానని రాతపూర్వకంగా తెలపండి. చెప్పకుండా గైర్హాజరు కావొద్దు. ఆ పరిశోధనను ఈ ఏడాది దేశంలోని సదస్సుకు పంపి, వచ్చిన వ్యాఖ్యలతో సరిదిద్దుకుని జర్నల్‌కు పంపండి. యూజీసీ గుర్తించిన జర్నళ్ల 'కేర్' జాబితా 2025 ఫిబ్రవరిలోనే రద్దయింది కాబట్టి, 'కేర్ లిస్టెడ్' అని చెప్పి ప్రచురణకు డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయీ ఇవ్వకండి.