అట్టపెట్టె బిన్ పక్కన పెట్టినందుకు 400 పౌండ్ల ఫైన్: కట్టెయ్యాలా, కొట్లాడాలా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మాస్టర్స్ అయ్యాక ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను, చేతికి నెలకి 2,100 పౌండ్లు వస్తాయి. టీవీ కొన్న అట్టపెట్టె మా బిల్డింగ్ బిన్ నిండిపోయి ఉంటే దాని పక్కన నేనే పెట్టాను. దాని మీద నా పేరు, అడ్రస్ ఉన్న లేబుల్ చూసి కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) వాళ్లు ఫ్లై టిప్పింగ్, అంటే చెత్తని అక్రమంగా పడేశానని 400 పౌండ్లకి నోటీసు పంపారు, 10 రోజుల్లో కడితే 300 అంట. రూమ్మేట్స్ కట్టొద్దంటున్నారు, నాన్న వీసాకి ప్రాబ్లం అవుతుంది వెంటనే కట్టెయ్ అంటున్నారు. సేవింగ్స్ 1,100 ఉన్నాయి, ఇండియాలో ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ నడుస్తోంది.

జవాబు: ముందు ఒక్క పని చెయ్యండి, ఆ నోటీసు తీసి ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడండి. ఇది చూడకుండా వాట్సాప్ గ్రూపులో ఎవరేం చెప్పినా పట్టించుకోకండి, ఎందుకంటే కౌన్సిల్ నుంచి వచ్చే కాగితాలన్నీ ఒకటి కావు, పార్కింగ్‌కి ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీసు, అది సివిల్ వ్యవహారం, దానికి ట్రైబ్యునల్‌లో అప్పీల్ ఉంటుంది, పట్టించుకోకపోతే మొత్తం పెరిగి చివరికి బెయిలిఫ్‌లు, అంటే బాకీ వసూలు చేసేవాళ్లు, ఇంటికి వస్తారు. మీకు వచ్చింది ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీసు అయ్యుంటుంది, 1990 ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ యాక్ట్ కింద ఇస్తారు, ఇది వేరే కథ.

దీనికి చట్టంలో అప్పీల్ అనేదే లేదు. అసలు దీన్ని జరిమానా అనడం కూడా సరిగ్గా కుదరదు, "నువ్వు నేరం చేశావని మేం అనుకుంటున్నాం, ఈ డబ్బు కడితే కోర్టుకి వెళ్లం" అని కౌన్సిల్ మీకు ఇచ్చే ఒక ఆఫర్. కడితే అక్కడితో అయిపోయింది, శిక్ష పడినట్టు కాదు, మీ క్రెడిట్ ఫైల్‌కీ దీనికీ సంబంధం లేదు. కట్టకపోతే ఆ 400 అప్పుగా మారదు, దాని కోసం ఎవరూ తలుపు కొట్టరు, కానీ కౌన్సిల్ మిమ్మల్ని మేజిస్ట్రేట్ కోర్టుకి లాగొచ్చు. మీ రూమ్మేట్స్ చెప్పిన దాంట్లో సగం నిజం, సగం ప్రమాదం ఉన్నాయని నేననేది ఇందుకే.

ఇంకో మాట కూడా వాళ్లు చెప్పే ఉంటారు, ఆరు నెలలు ఆగితే అదే పోతుందని. రోడ్డు మీద చిన్న చెత్త పడేసిన కేసుకి ఆ ఆరు నెలల గడువు ఉంది నిజమే, ఫ్లై టిప్పింగ్‌కి లేదు, అది పెద్ద కోర్టుకి కూడా వెళ్లగలిగే నేరం కాబట్టి ఆ గడువు వర్తించదు. చిన్న చెత్త కేసు కోర్టుకి పోతే గరిష్ఠం 2,500 పౌండ్లు, ఫ్లై టిప్పింగ్‌కి పైన హద్దే లేదు. 2023 జులై నుంచి నోటీసుల మొత్తాలు కూడా పెంచారు, చిన్న చెత్తకి 500 దాకా, ఫ్లై టిప్పింగ్‌కి 1,000 దాకా కౌన్సిల్ పెట్టుకోవచ్చు. ఒక్క అట్టపెట్టెకి ఇంత పెద్ద సెక్షనా అని మీకు మండుతుంది, నాకూ అన్యాయంగానే అనిపిస్తోంది, నిండిపోయిన బిన్ పక్కన నీట్‌గా పెట్టిన పెట్టెనీ రాత్రిపూట వ్యాన్‌లో తెచ్చి సోఫాలు పడేసే వాళ్లనీ ఒకే గాటన కట్టడం ఏమిటి. కానీ కోపం మీద 300 పౌండ్ల నిర్ణయం తీసుకోకూడదు కాబట్టి లెక్క చూద్దాం.

కోర్టు జరిమానాని మీ వారం ఆదాయం మీద లెక్క కడుతుంది, కేసు తీవ్రతని బట్టి అందులో సగం, లేదా వారం మొత్తం, లేదా ఒకటిన్నర రెట్లు, పెద్ద కేసైతే ఇంకా పైకి. మీకు నెలకి 2,100 అంటే వారానికి 485 దగ్గర. వారం మొత్తం వేశారనుకోండి, మొదట్లోనే తప్పు ఒప్పుకుంటే మూడో వంతు తగ్గి 323, దాని మీద 40 శాతం సర్‌చార్జ్ అంటే 129, కలిపి 452. ఒప్పుకోకుండా వాదించి ఓడిపోతే 485 ప్లస్ 194, అంటే 679. రెండిట్లోనూ కౌన్సిల్ లాయర్ ఖర్చులు పైన కలుస్తాయి, ఓడిపోయిన వాళ్లకి అవి ఇంకా ఎక్కువ, మీరు లాయర్‌ని పెట్టుకుంటే ఆ ఫీజు వేరే. అంటే ఒప్పుకున్నా సరే ఆ 300 కంటే ఎక్కువే పోతుంది, పైగా శిక్ష రికార్డు మిగులుతుంది.

నాన్నగారి భయం దగ్గరికొద్దాం. కట్టిన ఒక్క నోటీసు వల్ల వీసా పోదు. రేపు సిటిజన్‌షిప్‌కి అప్లై చేసినప్పుడు ఫారంలో అడిగితే చెప్పాలి, దాచకూడదు, కానీ వీసాలు, సిటిజన్‌షిప్ చూసే హోమ్ ఆఫీస్ మామూలుగా వీటిని లెక్కలోకి తీసుకోదు, కట్టకపోవడం వల్ల కోర్టు కేసైనా, ఇలాంటివి చాలా ఉన్నా అప్పుడే చూస్తుంది. కోర్టులో శిక్ష పడితే మాత్రం తర్వాతి ప్రతి అప్లికేషన్‌లో రాయాల్సి వస్తుంది, అక్కడ నిర్ణయం ఆఫీసర్ చేతిలో ఉంటుంది. కాబట్టి నాన్నగారు చెప్పింది పూర్తిగా తప్పని నేననను, కాకపోతే వెంటనే కట్టాల్సిన పని లేదు, ఒక మెట్టు మిగిలి ఉంది.

అప్పీల్ లేకపోయినా రాతపూర్వకంగా అభ్యంతరం పెడితే చాలా కౌన్సిళ్లు చూస్తాయి, కొన్ని కేసులు రద్దు కూడా చేస్తాయి. కానీ మొదటి మెయిల్‌లోనే నిజాయితీగా కథంతా రాసెయ్యకండి, ఇది గట్టిగా చెప్తున్నాను, "నేనే పెట్టాను" అని మీరు రాసిన ప్రతి వాక్యం రేపు కోర్టులో మీ మీదే సాక్ష్యం అవుతుంది. లేబుల్ ఆ పెట్టె ఎవరిదో చెప్తుంది గానీ ఎవరు అక్కడ పెట్టారో చెప్పదు, నేరం రుజువు చెయ్యాల్సింది కౌన్సిలే. అలాగని అబద్ధం అస్సలు రాయొద్దు, రూమ్మేట్ పెట్టాడని తోసెయ్యొద్దు, అది ఈ ఫైన్ కంటే పెద్ద తలనొప్పి. మొదటి మెయిల్‌లో మూడే అడగండి, ఫోటోలు, తేదీ, చోటు సహా వాళ్ల దగ్గరున్న సాక్ష్యం పంపమనండి, జవాబిచ్చే దాకా 300 తగ్గింపు ఆపి ఉంచమనండి, వాళ్ల అభ్యంతరాల పద్ధతి ఏంటో చెప్పమనండి. ఈలోపు సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థకి వెళ్లండి, ఫ్రీ, నోటీసు చూపించి రెండో లెటర్ వాళ్లతో చదివించాకే పంపండి. బిన్ నిండిపోయిన ఫోటోలు ఉంటే, బిన్ నిండుతోందని ల్యాండ్‌లార్డ్‌కి ఎవరైనా ముందే మెసేజ్ పెట్టి ఉంటే అవన్నీ తీసి ఉంచండి, మీ బలం అక్కడే ఉంది, పెట్టె చిన్నది, దారికి అడ్డం లేదు, మొదటిసారి, కోర్టుకి వెళ్లడం ప్రజా ప్రయోజనం కాదు అని అడగొచ్చు.

కౌన్సిల్ ఒప్పుకోలేదా, తగ్గింపు ఇంకా ఉందా, అప్పుడు 300 కట్టెయ్యండి. మీరు చెయ్యని పనికి నోటీసు వచ్చి ఉంటే కట్టొద్దు, నిలబడి కొట్లాడండి అనే చెప్పేవాణ్ణి, ఇక్కడ పెట్టింది మీరే కాబట్టి ఆ సలహా ఇవ్వలేను. తగ్గింపు ఆపి ఉంచడానికి వాళ్లు ఒప్పుకోకపోతే, లేదా జవాబే ఇవ్వకపోతే, పదో రోజు దాటకముందే ఇదే నిర్ణయం తీసుకోండి. ఒక్కసారి కట్టాక వెనక్కి అడగడం కష్టం, అందుకే అడగాల్సిందంతా ముందే అడగమంటున్నాను.

డబ్బు సేవింగ్స్ నుంచే తియ్యండి, 800 మిగులుతాయి, రెండు మూడు నెలల్లో మళ్లీ నింపుకోవచ్చు. దీని కోసం ఈఎంఐ మాత్రం ఆపకండి, లోన్‌లో నాన్నగారు కో అప్లికెంట్ అయితే ఒక్క నెల తప్పినా ఆయన సిబిల్ స్కోరు కూడా దెబ్బ తింటుంది. మెసేజ్‌లో వచ్చిన లింక్ మీద కట్టొద్దు, కౌన్సిల్ వెబ్‌సైట్ మీరే టైప్ చేసి ఓపెన్ చేసి నోటీసు నంబర్ కొట్టి కట్టండి, రసీదు పీడీఎఫ్ మెయిల్‌లో దాచుకోండి, ఆ సిటిజన్‌షిప్ ఫారం రోజున అదే చూపిస్తారు. పది రోజులు ఎప్పటి నుంచి లెక్కేస్తారో నోటీసులోనే ఉంటుంది, మీరు కవర్ చించిన రోజు నుంచి అనుకోకండి, అది చూసుకుని ఈ రాత్రే మొదటి మెయిల్ పెట్టండి.