పాత ఎముకల మీద డ్రిల్లు పట్టే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మేం డిగ్రీలో చదివిన భౌతిక మానవశాస్త్రాన్ని ఇప్పుడు జీవ మానవశాస్త్రం అంటున్నారు. పేరేనా, ఇంకేమైనా మారిందా?

జవాబు: చాలా మారింది. 1918లో మొదలైన ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజికల్ ఆంత్రొపాలజీ’ 2022 నుంచి ‘బయొలాజికల్’ అనే మాటతో వెలువడుతోంది. ఒకప్పుడు పుర్రె వెడల్పును పొడవుతో భాగించి నూరుతో హెచ్చవేసి, 75 లోపు వస్తే పొడుగు తల, 80 దాటితే గుండ్రటి తల అనేవారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. దాన్ని పట్టుకుని మనుషుల్ని జాతులుగా విడగొట్టి, ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో తేల్చబోవడమే ఘోరం. మనుషుల జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉంటుందని 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ చూపారు. ఇప్పటి ప్రశ్నలు వేరు: ఈ మనిషి ఏం తిన్నాడు, ఏ జబ్బు పడ్డాడు, ఎక్కడ పెరిగాడు? పంటి గట్టి పైపొర, అంటే ఎనామిల్, బాల్యంలో ఏర్పడ్డాక మళ్లీ మారదు. స్ట్రాన్షియం అనే మూలకపు ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న పరమాణు రూపాల) నిష్పత్తి నేలను బట్టి మారుతుంది. అందుకే ఎనామిల్‌లోని ఆ నిష్పత్తి చిన్నతనంలో బతికిన నేల జాడ చెబుతుంది.

ప్రశ్న: ప్రాచీన డీఎన్‌ఏకి ఎంత ఎముక కావాలి? పని ఎక్కడ చెడుతుంది?

జవాబు: డ్రిల్లుతో తీసిన సుమారు 50 మిల్లీగ్రాముల ఎముక పొడి చాలు. లోపలి చెవిని చుట్టి ఉండే పెట్రస్ ఎముక చాలా దట్టం కాబట్టి డీఎన్‌ఏ ఎక్కువగా అందులోనే మిగులుతుంది. పైపొర గీకి తీసేసి, డ్రిల్లును తక్కువ వేగంతో తిప్పాలి. వేగం పెంచితే పుట్టే వేడికి, మిగిలిన కాస్త డీఎన్‌ఏ కూడా పాడవుతుంది. నమూనాలతోపాటు ఎముక పొడి వేయని ఖాళీ గొట్టాన్ని కూడా అన్ని దశల్లోనూ నడపాలి. అందులో మనిషి డీఎన్‌ఏ కనిపించిందంటే రసాయనాల్లోనో గదిలోనో కలుషితం ఉన్నట్టే.

ఎక్కువగా చెడేది ల్యాబులో కాదు, తవ్వకంలోనే. ఒట్టి చేతులతో పట్టుకోవడం, నీళ్లతో కడగడం, జిగురు పూయడం, ఈ మూడూ నమూనాను దెబ్బతీస్తాయి. పాత డీఎన్‌ఏ ముక్కల చివర్లలో, డీఎన్‌ఏ నాలుగు ‘అక్షరాల్లో’ ఒకటైన సైటోసిన్ దెబ్బతిని, మరో అక్షరమైన థైమిన్‌గా చదవబడుతుంది. ఆ గుర్తు లేకుండా శుభ్రంగా వచ్చిన ఫలితాన్ని చూసి సంబరపడకండి, అది తవ్వినవారిదే కావచ్చు. వేడి ప్రాంతాల్లో కష్టం మరీ ఎక్కువ. హర్యానాలోని హరప్పా నాగరికత స్థలం రాఖీగఢీపై 2019లో ప్రచురితమైన అధ్యయనంలో అరవైకి పైగా నమూనాలు ప్రయత్నిస్తే పనికొచ్చింది ఒక్కరిదే.

డ్రిల్లు పెట్టిన ఎముక మళ్లీ పూడదు. ముందే సీటీ స్కాన్, ఫొటోలు, తూకం తీసి పెట్టుకోవాలి. చెవి లోపలి ఆకారం కూడా సమాచారమే.

ప్రశ్న: మ్యూజియంలో పాత పుర్రెలున్నాయి. అధ్యయనానికి ఎవరిని అడగాలి?

జవాబు: మొదట చేరిక రిజిస్టరు, అంటే మ్యూజియంలోకి వచ్చిన వస్తువుల వివరాలు రాసే పుస్తకం, తెరవండి. ఎక్కడిది, ఎవరు తెచ్చారు, ఏ సంవత్సరం, సమాధిలోంచా యుద్ధరంగంలోంచా? ఆ గడులు ఖాళీగా ఉంటే అడిగేవారెవరూ లేరని అర్థం కాదు. పని ఆపి, ఆ మనుషులెవరో వెతకాలని అర్థం. జర్మనీ వలసపాలనలో నమీబియా నుంచి తీసుకెళ్లిన హెరెరో, నామా ప్రజల పుర్రెల్లో 20ని బెర్లిన్‌లోని షారిటే వైద్యశాల 2011లో తిరిగి ఇచ్చింది. అమెరికాలో ‘కెన్నెవిక్ మనిషి’ అని పిలిచే వేల ఏళ్లనాటి అస్థిపంజరం 1996లో దొరికింది. అతను మా పూర్వీకుడన్న అక్కడి ఆదివాసుల మాట కోర్టులో నెగ్గలేదు. 2015లో డీఎన్‌ఏ వారి మాటకే మద్దతిచ్చింది, 2017లో అస్థికలు మళ్లీ మట్టిలోకి చేరాయి. ఇన్నేళ్లు ఆగాల్సి రావడం మా శాస్త్రానికి సిగ్గుచేటు. అమెరికాలో 2024 జనవరి నుంచి, ఆదివాసుల అస్థికల ప్రదర్శనకూ పరిశోధనకూ వారి వారసుల లేదా తెగల ముందస్తు సమ్మతి తప్పనిసరి.

సమ్మతి పత్రంలో చాలామంది వదిలేసేవి రెండున్నాయి: మిగిలిన పొడి ఎవరి దగ్గర ఉండాలి, స్కాన్లూ జన్యు డేటా ఎవరెవరు చూడొచ్చు? ఎముక తిరిగి వెళ్లినా డేటా సర్వర్లోనే ఉంటుంది. ఆ రెండూ రాతలో తేలేదాకా డ్రిల్లు పెట్టెలోనే ఉంచండి.