కాలిన పాత మచ్చ మీద పుండు మానకపోతే ముక్క పరీక్ష చేయించాలా?

మీ నాన్నగారికి చిన్నప్పుడు కాలిన మచ్చ మీద పుండు పడి ఐదు నెలలైందని, సుగర్ లేకపోయినా మానడం లేదని, ముక్క తీస్తే రోగం పాకుతుందని చుట్టాలు వద్దంటున్నారని రాశారు. దయచేసి చేయించండి. మూడు నెలలు దాటినా మానని పుండుకి, అందులోనూ పాత మచ్చ మీద లేచినదానికి, బయాప్సీ, అంటే ముక్క పరీక్ష, చేసి తీరాలి.

గాజువాకలో ఉండే మా మామయ్యకీ ఇలాగే జరిగింది. చిన్నతనంలో మరిగే నీళ్లు పడి మోకాలి కింద కాలింది. పెద్దయ్యాక ఆ మచ్చ చిట్లి పుండైంది. దగ్గర్లోని క్లినిక్‌లో కట్లు కట్టారు, యాంటీబయాటిక్స్ మార్చారు, అంతే. ఈలోగా పుండు అంచులు గట్టిపడి బయటికి తిరిగాయి. వాసన వచ్చేది, కట్టు విప్పితే రక్తం కారేది. మీ నాన్నగారికి ఇవి ఉన్నాయేమో చూడండి.

దీన్ని మార్జోలిన్ అల్సర్ అంటారు. మార్జోలిన్ అనే ఫ్రెంచి సర్జన్ 1828లోనే ఇలాంటి పుళ్ల గురించి రాశారు. ఎక్కువగా స్క్వామస్ సెల్ క్యాన్సరే (ఒక రకం చర్మ క్యాన్సర్) అవుతుంది. కాలిన మచ్చల్లో నూటికి ఒకటో రెండో ఇలా మారతాయని, సగటున 30 ఏళ్లు పడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. అందుకే చిన్ననాటి మచ్చకీ ఇప్పటి పుండుకీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

ఒక్క విషయం గట్టిగా చెప్తాను. మామయ్యకి మొదటి రిపోర్టులో క్యాన్సర్ లేదనే వచ్చింది. పుండు మధ్యలోంచి ఒకే ముక్క తీశారు. తర్వాత చూసిన సర్జన్ ఆ రిపోర్టు నమ్మకుండా అంచుల్లో నాలుగు వైపులా మళ్లీ తీయించారు, అప్పుడు బయటపడింది. కాబట్టి ముక్క ఎక్కడినుంచి తీస్తున్నారో అడగండి. పుండు కాలి మీదైతే, రోగం పాకిందేమో తెలియడానికి గజ్జల్లో బిళ్లలున్నాయేమో కూడా చూడమనండి.

ముక్క తీసినందుకు రోగం పాకుతుందన్న భయం పెట్టుకోకండి. వదిలేస్తేనే లోపలికి, ఎముక దాకా వెళ్తుంది. అప్పుడు కాలు తీయాల్సి రావచ్చు. మామయ్యకి ఎముక దాకా పోలేదు. చుట్టూ మంచి చర్మంతో సహా వెడల్పుగా కోసి, తొడ చర్మం తెచ్చి అతికించారు. ఇప్పుడు నడుస్తున్నారు, చెకప్‌లకి వెళ్తున్నారు.

వైజాగ్‌లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) సర్జరీ ఓపీకి వెళ్లొచ్చు. టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అగనంపూడిలో ఉంది. పాత రిపోర్టులు, ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పట్టుకెళ్లండి. అప్పటిదాకా పుండు మీద పసరు మాత్రం వేయకండి.