ఫిబ్రవరి స్నాతకోత్సవానికి అమ్మానాన్నలను రప్పించవచ్చా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా నేను ఇటీవలే న్యూజెర్సీకి వచ్చాను. మా చెల్లెలు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీలో చదువుతోంది. ఈ చలికాలంతో చదువు పూర్తవుతుందనీ, ఫిబ్రవరిలోనే కాలేజీవారు వేడుక చేస్తారనీ చెబుతోంది. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలేమో ఇది అసలైన స్నాతకోత్సవమేనా అని సందేహపడుతున్నారు. అంత చలిలో రావడం కంటే మే నెలలో జరిగే పెద్ద వేడుకకు వస్తే సరిపోతుంది కదా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఫిబ్రవరిలోనే రమ్మనండి. ఈ మాట ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఈ ప్రాంతంలో స్థిరపడిన మా వంటి కుటుంబాలకు ఏటా ఇలాంటి ప్రశ్నే వస్తుంది. ఆలోచిస్తూ ఉండగానే వీసా అపాయింట్‌మెంట్లు, హోటల్ గదులు చేయి దాటిపోతాయి. చివరికి వేదిక దిగి వచ్చిన పిల్లలు ఫోన్‌లో వీడియో కాల్ చేసి తల్లిదండ్రులకు పట్టా చూపించుకోవలసి వస్తుంది.

మీ పెద్దల సందేహం నాకు అర్థమవుతుంది. మన వైపు విద్యా సంవత్సరం మధ్యలో ఎవరికైనా పట్టా వచ్చిందంటే, ఏదో పేపరు తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కారనే అనుకుంటారు. బంధువులు పైకి అడగకపోయినా మనసులో ఆ లెక్కే వేసుకుంటారు. మిడిల్‌బరీ విషయంలో ఆ లెక్క పూర్తిగా తప్పు. 1800లో స్థాపితమైన ఈ కాలేజీ, విద్యార్థులను సెప్టెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో మరొకసారి చేర్చుకుంటుంది. ఫిబ్రవరిలో చేరేవారు వంద మంది అటూ ఇటూగా ఉంటారు. వారిని అక్కడ అందరూ ‘ఫెబ్’లు అని ముద్దుగా పిలుస్తారు. వారు ఏ సంవత్సరపు బృందమో రాసేటప్పుడు కూడా ఆ అంకె చివర ‘పాయింట్ ఐదు’ చేర్చుతారు. ఈ కాలేజీలో చాలామంది విద్యార్థులు ఒక సెమిస్టర్‌ను విదేశాలలో గడుపుతారు కాబట్టి, ఏడాది మధ్యలో ఖాళీ అయ్యే హాస్టల్ గదులలోకి, తరగతులలోకి కొత్తవారిని తీసుకోవడానికి ఈ పద్ధతి బాగా అమరింది. సెప్టెంబరు నుంచి ఒక టర్మ్, జనవరిలో ఒకే ఒక్క కోర్సుతో నాలుగు వారాల చిన్న టర్మ్, ఫిబ్రవరి నుంచి మరొక టర్మ్ ఉండే వారి క్యాలెండరు కూడా ఇందుకు అనుకూలిస్తుంది. ఫిబ్రవరిలో చేరిన అమ్మాయి అందరితో సమానంగా ఎనిమిది సెమిస్టర్లూ చదివి, నాలుగేళ్ల తరువాత ఫిబ్రవరిలోనే బయటికి వస్తుంది. ఆమెకు ఆలస్యమూ కాలేదు, ఆమె ఏ సబ్జెక్టులోనూ వెనకబడలేదు. ఈ సంగతి మీ నాన్నగారికి ఒక్కసారి విడమరచి చెప్పండి. బంధువులు అడిగితే ఆయనే చెబుతారు.

ఇక మే సంగతి. మీ చెల్లెలు మే వేడుకకు కూడా వెళ్లదలిస్తే కాలేజీవారిని అడిగి తెలుసుకోవచ్చు. అయితే మంచు కురుస్తున్న రోజులలో ఎవరితో కలిసి ఆ కాలేజీలో అడుగుపెట్టిందో, ఎవరితో గది పంచుకుందో, ఇంటిమీద బెంగ పడినప్పుడు ఎవరు పక్కన కూర్చున్నారో, ఆ వంద మందీ పట్టా అందుకునేది ఫిబ్రవరిలోనే. ఆ నాలుగేళ్లూ మీ చెల్లెలిని కనిపెట్టుకొని ఉన్న స్నేహితులనూ, వారి తల్లిదండ్రులనూ, అధ్యాపకులనూ మీ అమ్మగారు తీరికగా కలుసుకోగలిగేది ఆ చిన్న వేడుకలోనే. వందల మంది పట్టాలు తీసుకునే మే ఉదయాన ఒక అధ్యాపకుణ్ణి రెండు నిమిషాలు నిలబెట్టి మాట్లాడడం కూడా కష్టం. పైగా మే నాటికి మీ చెల్లెలు ఏ ఊరిలో ఏ ఉద్యోగంలో ఉంటుందో, సెలవు దొరుకుతుందో లేదో ఇప్పుడు చెప్పలేం.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. నేను చెబుతున్నది మిడిల్‌బరీ సంగతి. అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు అన్నిటిలోనూ ఏడాది మధ్యలో ఇంత నిండైన వేడుక ఉండదు. కొన్ని చోట్ల ఒక సాయంత్రం తేనీటి విందుతో సరిపెట్టి, గౌను వేసుకుని వేదిక ఎక్కే కార్యక్రమం మేలోనే పెడతారు. హైస్కూల్లో సంపాదించుకున్న క్రెడిట్లతో ఏడు సెమిస్టర్లకే డిగ్రీ ముగించి డిసెంబరులో బయటపడే పిల్లలకు తరచుగా ఇదే ఎదురవుతుంది. కాబట్టి ఈ జవాబు చదివిన మరొక కుటుంబం టికెట్లు కొనేముందు, ఆ రోజున పేరు చదువుతారా, పట్టా చేతికిస్తారా, కుటుంబానికి ఆహ్వానం ఉందా అని కాలేజీనే అడిగి తెలుసుకోవాలి.

మిడిల్‌బరీలో వేడుక జనవరి చివర గానీ ఫిబ్రవరి మొదట్లో గానీ వస్తుంది. కాలేజీ ప్రార్థనా మందిరంలో సభ జరుగుతుంది. విద్యార్థులలో ఒకరు ప్రసంగిస్తారు, ఒక్కొక్కరి పేరూ చదువుతారు. కాలేజీ స్థాపకులలో ఒకరైన గమేలియల్ పెయింటర్ తన చేతికర్రను కాలేజీకి విడిచి వెళ్లారు. దాని నమూనాలను పట్టభద్రులకు ఇవ్వడం ఇక్కడి సంప్రదాయం. ఇవన్నీ ఒక ఎత్తు, మధ్యాహ్నం జరిగేది ఒక ఎత్తు. ఈ కాలేజీకి పట్టణానికి తూర్పున కొండల్లో ‘స్నో బౌల్’ అనే సొంత స్కీయింగ్ మైదానం ఉంది. పట్టా పుచ్చుకునే పిల్లలు నల్ల గౌన్లు, చదరపు టోపీలతోనే లిఫ్టులో కొండ మీదికి వెళ్లి, మంచు మీద జారుకుంటూ కిందికి వస్తారు. కింద నిలబడిన తల్లిదండ్రులు చప్పట్లు కొడుతూ ఎదురుచూస్తారు. నలుపు తప్ప మరో రంగు లేని గుంపు తెల్లటి వాలు మీదుగా దిగివస్తుంటే తన బిడ్డ ఎక్కడుందోనని వెతుక్కునే తల్లుల ఆత్రం చూడవలసిందే. ఈ ఒక్క దృశ్యం కోసమైనా మీ పెద్దలు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

మీ అమ్మగారు దీనికి భయపడవచ్చు. స్కీయింగ్ రాని పిల్లలు చాలామందే ఉంటారు. వారు మంచు బూట్లతో నడిచో, స్లెడ్ మీద కూర్చునో దిగుతారు. మీ చెల్లెలికి ఏది చేతనవునో ఆమెకే తెలుసు, ఆ నిర్ణయం ఆమెకే వదలండి. హెల్మెట్ పెట్టుకొమ్మని మాత్రం చెప్పండి.

వీసా విషయంలో ఆలస్యం పనికిరాదు. సందర్శకుల వీసాకు డీఎస్-160 దరఖాస్తు నింపి, 185 డాలర్ల రుసుము చెల్లించి, హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటులో ఇంటర్వ్యూకు తేదీ తీసుకోవాలి. ఆ తేదీ నెలల తరబడి దూరం పోవచ్చు కనుక, వేడుకకు ముందటి వసంతంలోనే ఈ పనికి పూనుకుని ఉంటే మంచిది. ఇంకా మొదలుపెట్టకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. దరఖాస్తులో అమెరికాలో ఉన్న దగ్గరి బంధువుల గురించి అడిగే చోట మిమ్మల్నీ, మీ చెల్లెలినీ ఇద్దరినీ తప్పక చూపించాలి. ఇద్దరు పిల్లలూ ఇక్కడే ఉన్నారంటే వీసా ఇవ్వరేమోనన్న భయంతో ఒకరి పేరు దాచమని ఎవరైనా ఏజెంటు సలహా ఇస్తే వినవద్దు. ఆ దాపరికం బయటపడితే నష్టం ఈ ఒక్క ప్రయాణంతో ఆగదు. ‘ఎందుకు వెళ్తున్నారు’ అంటే ‘మా అమ్మాయి స్నాతకోత్సవానికి’ అని, ‘ఫిబ్రవరిలోనా’ అంటే ‘ఆ కాలేజీలో ఫిబ్రవరిలో చేరిన పిల్లలకు అప్పుడే జరుగుతుంది’ అని నిదానంగా తెలుగులోనైనా సరే చెప్పగలిగితే చాలు. కాలేజీ ప్రకటించిన తేదీల కాగితం ఒకటి దగ్గర ఉంచుకొమ్మనండి. ఆహ్వాన పత్రం తప్పనిసరి కాదు. అధికారి చూసేది వారికి గుంటూరులో ఉన్న ఇల్లూ, పనీ, తిరిగి వెళ్లే కారణాలూ.

మాఘమాసం పెళ్లిళ్ల కాలం కూడా. దగ్గరి బంధువుల ముహూర్తాలు ఏవైనా అడ్డువస్తాయేమో ముందే చూసుకోండి. టికెట్లు కొన్న తరువాత తెలిస్తే ఇరుపక్కలా మాట పడవలసి వస్తుంది.

ప్రయాణంలో పెద్దలను నేరుగా వెర్మాంట్‌కు తీసుకుపోవద్దు. మీ ఇంట్లో కనీసం నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకుని, నిద్రవేళలు సర్దుకున్నాక బయలుదేరండి. మంచులో కారు నడిపే అలవాటు మీకు ఇంకా లేదు కనుక, నా సలహా రైలు. న్యూయార్క్ నుంచి ‘ఈథన్ అలెన్ ఎక్స్‌ప్రెస్’ 2022 జులై నుంచి మిడిల్‌బరీలో ఆగుతోంది. పగలు బయలుదేరి రాత్రికి చేరుస్తుంది, పెద్దలు సీట్లోంచి లేచి నడవవచ్చు, మరుగుదొడ్డికి ఇబ్బంది ఉండదు. కారే తప్పదంటే చలికాలపు టైర్లు ఉన్న బండి తీసుకుని, చీకటి పడకముందే చేరేలా చూసుకోండి. తుపాను వస్తే ఒక రోజు పూర్తిగా పోతుంది కాబట్టి వేడుకకు రెండు రోజుల ముందే ఊరిలో ఉండండి. అది చిన్న ఊరు. 1827 నాటి మిడిల్‌బరీ ఇన్‌తో సహా బస చేసే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. స్కీయింగ్‌కు వచ్చేవారూ అదే కాలంలో గదులు పట్టేస్తారు. గది ఇప్పుడే బుక్ చేయండి, అవసరం లేకపోతే రద్దు చేసుకోవచ్చు.

బట్టల దగ్గర మన పెద్దలు పొరబడేది ఒకే చోట: మందమైన స్వెట్టరు ఒకటి ఉంటే చాలనుకుంటారు. అక్కడ రాత్రివేళ సున్నాకు పది డిగ్రీల దిగువకు పోవడం మామూలు. ఒంటికి అతుక్కునే థర్మల్ దుస్తులు, వాటి మీద ఉన్ని, ఆ పైన గాలి చొరని పొడుగాటి కోటు, ఇలా పొరలు పొరలుగా వేసుకోవాలి. చేతికి, తలకు, చెవులకు కప్పు ఉండాలి. పైకోటూ, జారని అడుగు ఉన్న బూట్లూ గుంటూరులో వెతకవద్దు. అక్కడ దొరికేవి ఈ చలికి ఆగవు. కొలతలు తెప్పించుకుని ఇక్కడే కొనండి. సభ జరిగే మందిరంలో వెచ్చగా ఉంటుంది కనుక మీ అమ్మగారు నిరభ్యంతరంగా పట్టుచీర కట్టుకోవచ్చు. కట్టుకోమనే నేను చెబుతాను. కోటు కింద కట్టుకుని వెళ్లి, లోపల బూట్లు మార్చుకుంటే సరిపోతుంది. స్నో బౌల్‌కు మాత్రం చీర వద్దు. ఉప్పు చల్లిన బురద మంచులో కుచ్చిళ్లు తడిసి బరువెక్కితే కాలు జారడానికి అదే కారణమవుతుంది. అక్కడికి ప్యాంటు లేదా సల్వార్ వేసుకుని, చలి పట్టలేనప్పుడు కింద ఉన్న లాడ్జిలోకి వెళ్లి కూర్చోవచ్చు.

తిండికి పెద్ద ఇబ్బంది లేదు గానీ, అక్కడ మన భోజనం దొరుకుతుందన్న భరోసాతో వెళ్లకండి. పులిహోర, పెరుగన్నం, పొడులు మీ ఇంటి నుంచే తీసుకువెళ్లండి. ఫ్రిజ్ ఉన్న గది అడగండి.

మీ చెల్లెలు స్వయంగా చూసుకోవలసిన పని ఒకటుంది. పట్టా మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా పడాలి. మన ఇంటిపేర్లు ముందూ వెనకా అయ్యే అవకాశం ఎక్కువ, తరువాత ధ్రువీకరణల సమయంలో అది తలనొప్పి. అలాగే, పేరు ఎలా పలకాలో వేదిక మీద చదివేవారికి ముందుగానే తెలియజేయాలి. అంత దూరం నుంచి వచ్చిన తండ్రి చెవిన తన ఇంటిపేరు సరిగా పడాలి కదా.

చివరిగా, అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది ఓపీటీ, అంటే చదువు ముగిశాక విద్యార్థి వీసా మీదే ఏడాది పాటు ఉద్యోగం చేసుకునే అనుమతి. దాని గడువులు వేడుక తేదీని బట్టి గానీ, మే నెలను బట్టి గానీ నడవవు. కాలేజీ ఇచ్చే ఐ-20 అనే పత్రంలో చదువు ముగిసే తేదీగా ఏది ఉందో దాన్ని బట్టి నడుస్తాయి. ఇప్పటి నిబంధనల ప్రకారం ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తరువాత వరకు దరఖాస్తు చేయవచ్చు. అయితే కాలేజీ అధికారి సిఫారసు నమోదు చేసిన 30 రోజులలోగా అది చేరాలి. అంటే ఫిబ్రవరిలో ముగించే అమ్మాయికి నవంబరులోనే తలుపు తెరుచుకుంటుంది. మేలో వేడుక కదా అని ఏప్రిల్ దాకా ఆగితే అవకాశమే చేజారిపోవచ్చు. ఓపీటీ మొదలయ్యే రోజును ముగింపు తేదీ తరువాత 60 రోజుల లోపల ఎప్పుడైనా ఎంచుకోవచ్చు. మొదలైన తరువాత ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఆమె చదివిన సబ్జెక్టు స్టెమ్ (సైన్సు, సాంకేతిక, ఇంజినీరింగ్, గణిత శాస్త్రాల) జాబితాలో ఉంటే మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది. లేకపోతే మొదలుపెట్టే రోజు చాలా కీలకం. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా లాటరీకి నమోదు ఏటా మార్చిలో జరుగుతుంది, ఎంపికైనవారి దరఖాస్తులు ఏప్రిల్ 1 నుంచి తీసుకుంటారు. ఫిబ్రవరిలోనే ఓపీటీ మొదలుపెట్టినవారికి మరుసటి ఏప్రిల్‌కు ముందే ఏడాది అయిపోతుంది, రెండో ఏటి లాటరీలో ఎంపికైనా ఉద్యోగం ఆగకుండా కొనసాగించడం కష్టమవుతుంది. వీలైనంత ఆలస్యంగా మొదలుపెడితే ఆ రెండో అవకాశం అందవచ్చు, అందకనూ పోవచ్చు. ముగింపు తేదీ జనవరి చివరా, ఫిబ్రవరి మొదటా అన్న కొద్ది రోజుల తేడా కూడా ఇక్కడ లెక్కకు వస్తుంది. ఐ-20 ముందు పెట్టుకుని మీ చెల్లెలిని కాలేజీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్ తీసుకోమనండి. అక్టోబరు దాటనివ్వకండి.